పాత సఫారీకి ముందు షాకులు: కంపెనీవా, గ్యాస్‌వా, రీకండిషన్‌వా?

ఎండాకాలంలో ఖమ్మం నుంచి సూర్యాపేట పోతుంటే వెనక సీట్లోంచి మా నాన్న అన్నారు: "ఏంరా, కారెక్కించినవా, పడవెక్కించినవా?" బండి 2008 సఫారీ డైకార్. లక్షా డెబ్బై వేల కిలోమీటర్లు దాటింది. స్పీడ్ బ్రేకర్ దిగాక ముక్కు లేచి, వంగి, మళ్లీ లేచి, అప్పుడుగానీ కుదుటపడటం లేదు. బ్రేకు నొక్కితే బానెట్ దండం పెడుతున్నట్టు ముందుకు వాలుతోంది. రోజూ నడిపే నాకు ఇదేమీ తెలియలేదు. షాకులు, అంటే బండి ఊపును ఆపే షాక్ అబ్సార్బర్లు, ఒక్కరోజులో పోవు. రోజుకింత నీరసపడుతుంటే మన చేతులూ నడుమూ వాటికి అలవాటు పడిపోతాయి. ఎప్పుడో ఒకసారి ఎక్కేవాళ్లే ముందు కనిపెడతారు.

ముందు చక్రాలకు ఏ షాకులు వేయించాలని అడగడం మొదలుపెడితే నలుగురూ నాలుగు దారులు చూపించారు. షోరూమ్ సర్వీసు వాళ్లు కంపెనీ పార్టే వేయాలన్నారు. విజయవాడ ఆటోనగర్‌లో విడిభాగాల కౌంటర్ మీదున్నాయన గ్యాస్‌వి తీసుకోమన్నాడు. మా వీధి చివరి మెకానిక్ "ఎందుకన్నా అంత ఖర్చు, సీళ్లు మార్చి ఆయిల్ నింపిస్తా" అన్నాడు. అడవుల్లో బండ్లు తిప్పే స్నేహితుడేమో ఆస్ట్రేలియా షాకులు తెప్పించుకోమన్నాడు. ఎవరి మాటా పూర్తిగా తప్పు కాదు. కాకపోతే ఒక్కో మాట ఒక్కో రకం బండికీ, ఒక్కో రకం వాడకానికీ సరిపోతుంది.

డబ్బు తీసేముందు కింద దూరండి

మీ బండి ముందు చక్రాల దగ్గర షాకు ఒంటరిగా ఉందా, స్ప్రింగు దాని చుట్టూ చుట్టుకుని ఉందా? మొదట చూడాల్సింది ఇదే. ఖర్చూ, పనీ, ప్రమాదమూ అన్నీ దీని మీదే ఆధారపడతాయి.

పాత సఫారీ, క్వాలిస్, మొదటి తరం ఎండేవర్‌లకు ముందు కాయిల్ స్ప్రింగే ఉండదు. చాసిస్ పొడవునా వెనక్కి పోయే టార్షన్ బార్ అనే ఇనుప కడ్డీ మెలి తిరుగుతూ స్ప్రింగు పని చేస్తుంది. షాకు దానికి దూరంగా విడిగా ఉంటుంది. పైన ఒక నట్టు, కింద ఆర్మ్‌కు (చక్రాన్ని చాసిస్‌కు కలిపే ఇనుప చేయి) ఒక బోల్టు. తుప్పు పట్టి మొండికేయకపోతే చేయి తిరిగిన మెకానిక్‌కు ఒక పూట పని కూడా కాదు.

సఫారీ స్టార్మ్, ఇన్నోవా, ఫార్చ్యూనర్ లాంటి వాటికి షాకు చుట్టూ కాయిల్ స్ప్రింగు ఉంటుంది. డస్టర్, ఎక్స్‌యూవీ 500లకు మెక్‌ఫర్సన్ స్ట్రట్టు, అంటే చక్రాన్ని నిలబెట్టే కాలు కూడా షాకే. వీటిలో షాకు మార్చాలంటే మొత్తం బయటికి తీసి, స్ప్రింగును కంప్రెసర్‌తో అదిమి పట్టి, అప్పుడు పై నట్టు విప్పాలి. ఆ అదిమిన స్ప్రింగు జారితే దవడ పగులుతుంది, తమాషా కాదు. రెండు పాత క్లాంపులు, ఒక తాడు పెట్టి కానిచ్చే షెడ్డుకు ఈ పని ఇవ్వకండి. ఈ బండ్లకు లేబర్ ఎక్కువ అవడం న్యాయమే. స్ట్రట్టు బండ్లకు పైన మౌంటింగ్ రబ్బరూ, దాని బేరింగూ ఆ విప్పిన చేత్తోనే మార్చేయాలి. మూడు నెలలకు స్టీరింగ్ తిప్పినప్పుడల్లా టక్‌మంటే మళ్లీ అదే లేబర్ ఇచ్చుకోవాల్సి వస్తుంది.

పోయింది షాకేనా?

షాకు బండి బరువు మోయదు. బరువు మోసేది స్ప్రింగు, లేదా టార్షన్ బార్. ఊగిన స్ప్రింగును ఆపడమే షాకు పని. లోపల పిస్టన్ నూనెలోంచి నడుస్తుంది. నూనె సన్నటి రంధ్రాల్లోంచి దూరుతూ ఒరిపిడికి వేడెక్కుతుంది, ఊపు ఆ వేడిగా మారి గాల్లో కలుస్తుంది. అందుకే బండి ముందు భాగం కిందికి దిగిపోయిందని కొత్త షాకులు వేయించుకునేవాళ్లకు నిరాశే. దిగిన బండి దిగినట్టే ఉంటుంది.

ఇక్కడే మన షెడ్లలో ఒక పాత చిట్కా ఉంది. టార్షన్ బార్ వెనక కొసన ఉండే బోల్టు నాలుగు చుట్లు బిగిస్తారు, బండి లేచి నిలబడుతుంది, ఓనరు సంతోషపడతాడు. బార్ బలం అణువంత కూడా పెరగదు. చక్రం కిందికి దిగే చోటు మాత్రం తగ్గిపోతుంది. గుంత రాగానే ఆర్మ్ పైనుంచి ఠప్పున తగులుతుంది, అలైన్‌మెంట్ చెడి టైర్లు ఒక పక్క అరుగుతాయి. బార్ నిజంగా వాలి ఉంటే కొలిచి, మాన్యువల్‌లో ఉన్న ఎత్తుకు తేవడం వేరు. "కాస్త లేపు" అని బిగించడం వేరు.

చప్పుడు సంగతీ అంతే. చిన్న గుంతలో టక్ టక్‌మంటే నూటికి ఎక్కువసార్లు అది స్టెబిలైజర్ (బండి పక్కకు ఒరగకుండా పట్టే కడ్డీ) లింకు రబ్బరో, ఆర్మ్ బుష్షో (ఆర్మ్ కీలులోని రబ్బరు), బాల్ జాయింటో (చక్రం తిరిగే గుండు కీలు). షాకు పోతే సాధారణంగా చప్పుడు కన్నా ఊపు ఎక్కువ.

బానెట్ మీద చేయి వేసి అదిమి చూసే పరీక్ష ఉంది కదా, చిన్న కార్లకు అది బాగానే పనికొస్తుంది. దాదాపు రెండు టన్నుల సఫారీని మనిషి బలంతో అదిమితే ఎంత దిగుతుందని? సగం పోయిన షాకులు కూడా ఆ పరీక్షలో పాసవుతాయి. నేను నమ్మేవి వేరే. ఒకటి, టైరు మీద అరచేయి గుండ్రంగా తిప్పి చూడటం: అలలు అలలుగా, ఒకచోట ఎత్తూ ఒకచోట పల్లమూ తగిలితే చక్రం రోడ్డు మీద ఎగిరెగిరి పడుతోందన్నమాట. రెండోది వేడి. పాడైన రోడ్డు మీద అరగంట నడిపి, దిగిన వెంటనే రెండు షాకుల ఒంటినీ వేలితో తాకి చూడండి. పనిచేస్తున్నది వెచ్చగా ఉంటుంది, చచ్చినది చల్లగా ఉంటుంది. పక్కనే కాలే పైపులుంటాయి, జాగ్రత్త. మా బండికి ఎడమది గోరువెచ్చగా, కుడిది నీళ్లలోంచి తీసిన గిన్నెలా చల్లగా ఉంది.

నూనె చెమ్మ చూసి మాత్రం కంగారు పడొద్దు. రాడ్డు సీలు దగ్గర పలచటి తడి, దాని మీద దుమ్ము అంటుకుని ఉండటం మామూలే. ఒంటి సగం దాకా కారి, కింద చుక్క నిలబడితే అది లీకు. మన్రో లాంటి తయారీదారు 80,000 కిలోమీటర్లకు మార్చమని చెబుతుంది. గుంతల రోడ్ల మీద తిరిగే బండికి అది ఉదారమైన లెక్కే. నాకు లక్షా డెబ్బైలో ఇది రెండో జత, మధ్యలో ఒక రీకండిషన్ కథ ఉంది, దానికి వస్తాను.

నలుగురి మాటలూ ఒక్కొక్కటిగా

రీకండిషన్‌తోనే మొదలుపెడతా, ఎందుకంటే దాని రుచి చూసినవాణ్ణి. నాలుగేళ్ల కింద ఒక షెడ్డులో చేయించాను. షాకు అంటే కుట్టేసిన డబ్బా, విప్పి బాగుచేసుకోవడానికి తయారు చేసింది కాదు. వాళ్లు దాని మూతి కోసి, సీలు మార్చి, ఏదో ఒక నూనె పోసి, మళ్లీ వెల్డింగ్ పెట్టి నల్లరంగు కొడతారు. బయటికి వచ్చేసరికి కొత్తదానిలా మెరుస్తుంది. లోపల నూనె రంధ్రాలను మూసి తెరిచే వాల్వు రేకులు పాతవే, రాడ్డు మీద గీతలు పాతవే. ఆ గీతలే కొత్త సీలును మళ్లీ కోస్తాయి. గ్యాస్ షాకైతే అందులోని నైట్రోజన్ కోసిన క్షణమే పోయింది, దాన్ని తిరిగి నింపే యంత్రం ఆ షెడ్డులో ఉండదు. పైగా కుడికి ఎంత నూనె పోశాడో ఎడమకు అంతే పోశాడన్న నమ్మకం లేదు. బ్రేకు వేస్తే బండి ఒక పక్కకు లాగడం అక్కడ్నుంచే వస్తుంది. నావి ఒక వానాకాలం నిలబడ్డాయి. పార్టు ఎక్కడా దొరకని పురాతన జీపుకు, తెలిసిన పనివాడి చేత చేయిస్తే సరే. మార్కెట్లో కొత్తవి దొరికే బండికి రీకండిషన్ అంటే లేబర్ రెండుసార్లు కట్టుకోవడమే. స్క్రాప్‌లోంచి తీసిన సెకండ్‌హ్యాండ్ షాకుల గురించీ నా మాట ఇదే, ఇంకా గట్టిగా.

కంపెనీ పెట్టెలో వచ్చేది. దీని మంచి ఏమిటంటే, మీ బండి బరువుకూ స్ప్రింగుకూ సరిపోయే వాల్వు అమరిక అందులో ఉంటుంది, చేర్చాల్సిన వాషర్లూ రబ్బర్లూ చాలాసార్లు పెట్టెలోనే వస్తాయి. ధర ఎక్కువ. అయితే కార్ల కంపెనీలు షాకులు తామే తయారు చేసుకోవు. గాబ్రియెల్ లాంటి వాళ్ల దగ్గర కొంటాయి. ఆనంద్ గ్రూపుకు చెందిన ఈ సంస్థ 1961 నుంచి మన దేశంలో షాకులు చేస్తోంది, కార్ల కంపెనీలకూ ఇస్తుంది, బయట మార్కెట్లోనూ అమ్ముతుంది. కాబట్టి పాత షాకు ఒంటి మీద ఎవరి పేరు అచ్చేసి ఉందో తుడిచి చదవండి. అదే తయారీదారు సొంత పెట్టెలో, మీ మోడల్ పార్ట్ నంబరుతో దొరికితే, చాలాసార్లు తక్కువకు అదే నాణ్యత.

పాత మోడళ్లకు కంపెనీ పార్టులో ఒక దొంగ చిక్కు ఉంది: నిలవ. ఆగిపోయిన మోడల్ షాకు గోడౌన్‌లో ఎన్నేళ్లుగా ఉందో ఎవరికి తెలుసు? నూనెకు ఏమీ కాకపోయినా రబ్బరు బుష్షులు గట్టిపడి పగుళ్లిస్తాయి. స్టిక్కర్ మీద తయారీ నెలా సంవత్సరమూ చూసి, బుష్షును గోటితో నొక్కి చూసి తీసుకోండి. గోరు దిగకపోతే ఇంకో పెట్టె అడగండి. అదే స్టిక్కర్ మీద ధర కూడా గమనించండి. 2025 సెప్టెంబర్ 22 నుంచి వాహన విడిభాగాల మీద జీఎస్టీ 18 శాతానికి దిగింది, అంతకుముందు చాలా పార్టుల మీద 28 శాతం ఉండేది. పాత స్టిక్కర్ ధరకే లెక్క కట్టే కౌంటర్లు తగలవచ్చు. బిల్లు అడిగితే మాట మారుతుంది. బిల్లు లేకుండా కొంటే వారంటీ కూడా ఉండదు, రాణిగంజ్‌లో కొన్నా, ఆటోనగర్‌లో కొన్నా.

గ్యాస్ షాకులు. ఈ మాటే మనవాళ్లను ఎక్కువ తికమక పెడుతుంది. గ్యాస్ షాకులో నూనె ఉండదనుకునేవాళ్లు ఉన్నారు. నూనె లేకుండా షాకే లేదు. ఉత్త నూనె షాకులో పైన కొంచెం గాలి ఉంటుంది. రోడ్డు గతుకుల్లో పిస్టన్ వేగంగా ఆడితే ఆ గాలి నూనెలో కలిసి నురగ వస్తుంది, మజ్జిగ చిలికినట్టు. నురగ రంధ్రాల్లోంచి అడ్డూ ఆపూ లేకుండా జారిపోతుంది. అప్పటిదాకా గట్టిగా ఉన్న బండి పదో కిలోమీటరుకు మెత్తబడేది అందుకే. గాలి బదులు తక్కువ ఒత్తిడితో నైట్రోజన్ నింపితే నూనె అణిగి ఉంటుంది, నురగ ఆలస్యంగా వస్తుంది. గ్యాస్ చేసే మేలు అంతవరకే. "గ్యాస్ వేస్తే బండి రెండంగుళాలు లేస్తుంది" అన్నది కౌంటర్ కబురు.

గ్యాస్‌లో మళ్లీ రెండు రకాలు. మార్కెట్లో ఎక్కువగా కనిపించేవి ట్విన్ ట్యూబ్, గొట్టంలో గొట్టం. బయటి గొట్టానికి రాయి తగిలి సొట్ట పడ్డా లోపలి పిస్టన్ నడుస్తుంది. ఇంకోటి మోనో ట్యూబ్. ఒకే గొట్టం, అందులో నూనెనూ గ్యాస్‌నూ విడదీసే తేలే పిస్టన్, చాలా ఎక్కువ ఒత్తిడి. 1950లలో ఫ్రాన్స్ ఇంజినీరు డి కార్బన్ ఆలోచనను జర్మనీలో బిల్‌స్టెయిన్ సంస్థ ఫ్యాక్టరీకి ఎక్కించింది. నూనె నేరుగా బయటి గోడకు తగులుతుంది కాబట్టి త్వరగా చల్లబడుతుంది, ఘాట్ రోడ్డు మీదా, వేగం మీదా పట్టు బాగుంటుంది. కానీ చిన్న గతుకులు సీటుకు తెలుస్తాయి, గోడకు గట్టి సొట్ట పడితే షాకు అక్కడికి సరి. ధర కూడా వేరే లోకం. ఫార్చ్యూనర్ వేసుకుని వారం వారం హైవే మీద హైదరాబాద్ పోయేవాడు దాని గురించి ఆలోచించవచ్చు. వెనక సీట్లో పెద్దవాళ్లను కూర్చోబెట్టుకుని ఊళ్లు తిరిగే పాత సఫారీకి నేనైతే వద్దంటాను.

ఆస్ట్రేలియా షాకులు తెప్పించుకోమన్న స్నేహితుడి మాట: అక్కడి ఓల్డ్ మ్యాన్ ఈము బ్రాండ్ లాంటివి మంచి సరుకే. అవి ఇనుప బంపరు, వించ్ (ఇరుక్కున్న బండిని లాగే తీగ చుట్టు), పైన టెంటు కట్టుకున్న బరువైన బండ్లకు, వాటికి తగ్గ స్ప్రింగులతో జోడీగా వేసుకునేవి. మామూలు స్ప్రింగు మీద ఉత్త షాకు మాత్రమే గట్టిది వేస్తే బండి గట్టిబడుతుంది, బాగుపడదు. కాయిల్ సందుల్లో దూర్చే రబ్బరు బఫర్లను కూడా కొందరు షాకులకు బదులుగా అమ్ముతున్నారు. అవి స్ప్రింగును బిరుసు చేస్తాయి తప్ప ఊపును ఆపవు. పోయిన షాకు మీద బిరుసు స్ప్రింగు పెడితే బండి ఇంకా ఎగురుతుంది. టార్షన్ బార్ బండికైతే దూర్చడానికి కాయిలే లేదు, అయినా ఒకాయన నాకు అంటగట్టబోయాడు.

నేను తీసుకున్నది

మా బండికి 15 ఏళ్లు 2023లో నిండాయి. ఆర్‌సీ ఐదేళ్లకు రెన్యువల్ అయింది, అంటే 2028 దాకా. ఏడాదికి పది వేల కిలోమీటర్లు కూడా తిరగదు. మిగిలిన ఆయుష్షుకు ఒక జత చాలు. పేరున్న మన దేశపు బ్రాండ్‌వి, తక్కువ ఒత్తిడి గ్యాస్, ట్విన్ ట్యూబ్, మోడల్ పార్ట్ నంబరు సరిచూసుకుని ఆటోనగర్‌లో కొన్నాను. రెండూ ఒకేసారి. ఒక పక్కే లీకు ఉన్నా జత మార్చాల్సిందే, కొత్తదీ పాతదీ కలిపి నడిపితే మలుపుల్లో బండి రెండు మనసులతో ఉంటుంది.

మిగిల్చిన డబ్బు మొత్తం రబ్బర్లకు పోయింది. పై ఆర్మ్, కింద ఆర్మ్ బుష్షులు, స్టెబిలైజర్ రబ్బర్లు, ఒక బాల్ జాయింటు. షాకుల కన్నా వీటికే ఎక్కువైంది. నిజం చెప్పాలంటే బండిలో తేడా కూడా వీటితోనే ఎక్కువ వచ్చింది. పదిహేనేళ్ల బండికి ఖరీదైన షాకు వేసి పాత బుష్షులు వదిలేయడం కన్నా, మధ్యరకం షాకు వేసి బుష్షులన్నీ మార్చడం మేలు. ఆర్మ్ బుష్షులకు ప్రెస్సు కావాలి, టార్షన్ బార్ వదులు చేయాలి. వదులు చేసేముందు బార్‌కూ దాని కొసను పట్టి ఉంచే ఆంకర్‌కూ గుర్తు పెట్టి, బోల్టు ఎంత బయటికి ఉందో కొలిచి రాసుకోమనండి. లేకపోతే తిరిగి బిగించినప్పుడు బండి ఒక భుజం ఎత్తి నిలబడుతుంది.

పాత కుడి షాకు విప్పాక కుర్రాడు దాన్ని నేల మీద నిలబెట్టి రాడ్డు కిందికి నొక్కాడు. సైకిల్ పంపులా పుసుక్కున దిగింది. పైకి లాగితే మధ్య దాకా ఏమీ తగల్లేదు, అక్కడ్నుంచి కాస్త బిగువు. కొత్తదాని కట్టు కోస్తే రాడ్డు తనంతట తాను మెల్లగా పైకి లేచింది. అది గ్యాస్. బిగించేముందు దాన్ని నిటారుగా పట్టుకుని నాలుగైదుసార్లు పూర్తిగా నొక్కి లాగాలి. పెట్టెలో అడ్డంగా పడుకుని ఉన్నప్పుడు లోపలి గొట్టంలోకి చేరిన గ్యాస్ అలా బయటి గొట్టంలోకి పోతుంది. ట్విన్ ట్యూబ్‌కు ఇది చేయకుండా బిగిస్తే మొదటిరోజు కటకటలాడి, కొత్త షాకే డూప్లికేట్ అని తిట్టుకుంటాం. మెరిసే రాడ్డును ప్లయర్‌తో పట్టుకోనివ్వకండి. అక్కడ పడ్డ గీత సీలును కోసే కత్తి.

గొడవ పడాల్సి వచ్చింది ఒక్కచోటే. కుర్రాడు చక్రం వేలాడుతుండగానే కింది బోల్టు ఫుల్లుగా బిగించబోయాడు.

"దించినంక బిగించు తమ్మీ."

"కింద పానా తిరగదన్నా, చోటు లేదు."

బుష్షులో రబ్బరు ఇనుప గొట్టానికి అతుక్కుని ఉంటుంది. చక్రం వేలాడుతున్నప్పుడు బిగిస్తే ఆ స్థితే దానికి మామూలు అవుతుంది. బండి దించగానే రబ్బరు మెలిపడి, ఇరవై నాలుగు గంటలూ ఆ మెలికలోనే ఉంటుంది, కొన్ని నెలల్లో చినుగుతుంది. చివరికి టైర్ల కింద చెక్క దిమ్మెలు పెట్టి బండి దించాం, బరువు చక్రాల మీద పడ్డాక వాడు కిందికి దూరి బిగించాడు. పావుగంట పని. ఆర్మ్ బుష్షుల బోల్టులకూ ఇదే నియమం. మీరు ఏ బ్రాండు కొన్నా, ఈ పావుగంట దగ్గర నిలబడి చూడండి.

ఒంటరి షాకు మాత్రమే మార్చితే అలైన్‌మెంట్ మారదు. స్ట్రట్టు విప్పినా, ఆర్మ్‌లు కదిలించినా, బార్ ముట్టుకున్నా తప్పకుండా చేయించాలి, అదీ వంద కిలోమీటర్లు తిరిగి రబ్బర్లు సర్దుకున్నాక. అప్పుడే నట్లు ఒకసారి తిరిగి చూడమనండి. అలలుగా అరిగిన టైర్లు మాత్రం కొత్త షాకులతో బాగుపడవు, కొన్నాళ్లు గుయ్‌మంటూనే ఉంటాయి. ఆ మోత విని షాకులు మళ్లీ విప్పించకండి. ముందువి వెనక్కి మార్చుకుంటే సరిపోతుంది.

ఏడాదిలోపు బండి అమ్మేసే ఆలోచన ఉన్నవాళ్లకు: షాకులు కారుతుంటే మధ్యరకం జత వేయించి బిల్లు దాచుకోండి, బుష్షుల జోలికి పోకండి. కారకపోతే, ఊపు కొద్దిగానే ఉంటే, ఆ సంగతి కొనేవాడికి చెప్పి ధరలో తగ్గించండి. ఏ షాకు వేసుకోవాలో అతనే చూసుకుంటాడు.